మన పప్పుగిన్నెకు బంట్వారం నేల తడి

కందిపప్పు డబ్బా మూత తీయగానే మనం ఏం చూస్తాం? పురుగు పట్టిందా, గింజ విరిగి నూకయిందా, త్వరగా ఉడుకుతుందా, కిలో ఎంతకు కొన్నాం - అంతే కదూ! ఆ పప్పు ఏ ఊరి చేలో పండిందో, ఏ తడి తాగి గింజ కట్టిందో అడిగేవాళ్లు మనలో ఎందరు? ఈ వారం మిమ్మల్ని ఆ తడి ఉన్న చోటికే తీసుకెళ్దామని ఉంది. ఊరి పేరు బంట్వారం. వికారాబాద్‌కూ తాండూరుకూ దగ్గర్లో, కర్ణాటకలోని చించోలి వైపు ఒదిగి ఉన్న మండలం. యాత్రికుల కోసం వెలసిన ఊరు కాదిది. ఇక్కడ చూడాల్సింది మట్టిని. మట్టిని చూడ్డానికి ఎవరైనా ఇంత దూరం వెళ్తారా అని నవ్వుకోకండి!

హైదరాబాద్ నుంచి వికారాబాద్ డెబ్బయ్ కిలోమీటర్ల పైచిలుకు. వాడి వైపు వెళ్లే రైళ్లు వికారాబాద్ మీదుగానే పోతాయి. అక్కడ దిగి ఆర్టీసీ బస్సు పట్టుకోవాలి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు కాబట్టి, ఆధార్ కార్డు పర్సులో ఉంటే చాలు.

వికారాబాద్ దగ్గరే అనంతగిరి కొండలు. పద్మనాభస్వామి గుడి, చుట్టూ అడవి, చల్లటి గాలి. మూసీ పుట్టేది ఇక్కడే. ఈ కొండలకు ఒక చిత్రం ఉంది. తూర్పు వైపు పడ్డ చినుకు మూసీలో చేరి, హైదరాబాద్ మీదుగా పారి, కృష్ణలో కలుస్తుంది. పడమర వైపు పడ్డది కాగ్నాలో చేరి, తాండూరు పక్కగా పారి, భీమా నదిలో కలిసి, అదీ చివరికి కృష్ణకే చేరుతుంది. అక్కాచెల్లెళ్లు చెరో ఊరికి కోడళ్లుగా వెళ్లి, ఎప్పుడో ఏ పెళ్లిలోనో మళ్లీ కలుసుకున్నట్టు! మనం వెళ్లేది ఆ పడమటి వైపు. దారిలో కోట్‌పల్లి ప్రాజెక్టు తగులుతుంది. 1967లో కట్టింది. ఈ మధ్య పడవ షికార్లకు పేరొచ్చి, సెలవు రోజుల్లో నగరం నుంచి కార్లు బారులు తీరుతున్నాయి. నీళ్లు చూడ్డానికి వచ్చే ఆ జనం, పక్కనున్న చేల వైపు తల తిప్పి చూడరు. పాపం, వాళ్లనని ఏం లాభం? చేలలో నీళ్లు కంటికి కనబడవు.

కిటికీ పక్క సీటు దొరికితే మాత్రం నేల రంగు చూస్తూ కూర్చోండి. అనంతగిరి దగ్గర కుంకుమరంగులో ఉన్న గరుసు నేల, పడమరకు వెళ్లేకొద్దీ అక్కడక్కడా నల్లబడుతుంది. ఒక మలుపులో ఎర్ర చెల్క, మరో మలుపులో నల్లరేగడి. ఒకే ఊళ్లో రెండూ ఉంటాయి. ఒకే ఇంటివాళ్లకు కూడా రెండు రకాల చేలూ ఉండొచ్చు. ఆ ఇంటి ఆడవాళ్లను అడగండి, ఏ నేల ఎన్నాళ్లు తడి పట్టి ఉంచుతుందో వేళ్ల మీద లెక్క చెబుతారు.

నల్లరేగడి స్వభావం తెలిసిందే. వానకు జిగురు, ఎండకు ఇనుము. తడిసిందంటే చెప్పులు ఊడిరావు, కాలు తీస్తే మణుగు మట్టి వెంట వస్తుంది. ఎండిందంటే నెర్రెలు బారి, చేతికర్ర దిగేంత సందులు. కానీ ఈ మట్టిలో ఒక గొప్పతనం ఉంది. తాగిన నీటిని దాచుకోవడంలో దీనికి సాటి లేదు. తాండూరు ప్రాంతపు నేలలో అట్టాపల్గైట్ అనే బంకమన్ను ఖనిజం ఎక్కువ. కింద సున్నపురాయి. మన వంటింట్లో, వరండాలో పరుచుకున్న తాండూరు బండలు ఆ రాయే. పైన బంకమన్ను, కింద సున్నపురాయి - ఈ రెండింటి వల్లే తాండూరు కందికి ఆ రుచీ, వాసనా, ఉడుకూ వచ్చాయని చెప్పి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు ఇచ్చారు. అంటే తిరుపతి లడ్డూకీ, పోచంపల్లి ఇక్కత్‌కూ ఉన్నలాంటి గుర్తింపన్నమాట. పప్పుగింజకు అంత మర్యాద దక్కడం మనకు సంతోషమే కదా!

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. భయపడకండి, పాలవాడి లెక్కకంటే తేలికే. ఎకరం నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే దాదాపు నాలుగు వేల లీటర్లు. లోతైన నల్లరేగడి, వేళ్లు అందుకోగలిగిన లోతులో సుమారు 200 మిల్లీమీటర్ల నీటిని పంట కోసం దాచుకోగలదు. అంటే ఎకరానికి ఎనిమిది లక్షల లీటర్లు. మన వీధికి వచ్చే 5,000 లీటర్ల ట్యాంకర్లయితే నూట అరవై! ఒక ఎకరం చేను కింద, కంటికి కనబడకుండా, నూట అరవై ట్యాంకర్ల నీళ్లు. కరెంటు లేదు, మోటారు లేదు, పైపు లేదు. ఎర్ర చెల్క లోతు తక్కువైతే అందులో సగం కూడా పట్టదు. అందుకే ఎర్రనేలలో పది రోజులు వాన లేకపోతే మొక్క తల వాలుస్తుంది, నల్లనేలలో ఇంకొన్నాళ్లు ఓర్చుకుంటుంది.

కంది ఈ దాచిన నీటి మీదే బతుకుతుంది. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో విత్తుతారు. ఆరు నెలల పంట. పూత పట్టేది అక్టోబరు, నవంబరు నెలల్లో. కాయలో గింజ ఊరే రోజులకు వానలు ఎటో వెళ్లిపోతాయి. అప్పుడు ఆ మొక్క చేసేది ఏమిటో తెలుసా? నిలువు వేరును నాలుగైదు అడుగుల లోతుకు దింపి, హస్త, చిత్త కార్తెల్లో నేల తాగిన నీటిని కొద్దికొద్దిగా పైకి లాక్కుంటుంది. మన పప్పులో ఉన్న ప్రతి గింజా ఆ అడుగున దాగిన తడితో తయారైందే. యాసంగి జొన్న, శనగ, కుసుమలైతే మరీను. వానలు ఆగిపోయాక విత్తి, పూర్తిగా నేల తడితో, కాస్త మంచుతో పండించుకుంటారు. చినుకు పడకపోయినా పంట చేతికొస్తుందంటే పట్నంలో పెరిగినవాళ్లు నమ్మరు.

ఈ తడికి మన భాషలో ఎంత చక్కని మాట ఉందో చూడండి - పదును. కత్తికే కాదు, నేలకూ పదునుంది. నాకు చేను చూపించిన అవ్వ పిడికెడు మట్టి తీసి, సున్నుండ చుట్టినట్టు చుట్టి, నడుం ఎత్తు నుంచి వదిలింది. ఉండ కింద పడి పొడిపొడిగా విడిపోయింది. "గిదీ పదునంటే" అంది. ముద్దలా అంటుకుపోతే తడి ఎక్కువ, ఉండే కట్టకపోతే తక్కువ. జొన్నపిండి తడిపే చేతికి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. రొట్టె విరుగుతుందో లేదో పిండి ముట్టుకుంటేనే తెలిసిపోతుంది కదా, అలాగే.

ఆమెకు డెబ్బయ్ దాటి ఉంటాయి. ఎప్పుడు పుట్టిందో తెలియదు గానీ ఏ ఏడు ఏ కార్తె ఎండబెట్టిందో మాత్రం గుర్తుంది. "గప్పట్ల ముసురు పడుతుండె బిడ్డా. మూడు దినాలు, నాలుగు దినాలు సూరీడు కనబడకపోతుండె. బట్టలు ఆరకపోతుండె. పొయ్యిల కట్టెలు తడిసి ఇల్లంత పొగ. ఇప్పుడేముంది? ఒక్క ఘడియ దంచి కొడతది, మళ్ల ఇరవై దినాలు ఎండ. నీళ్లన్ని వాగుల పడి పోతున్నయి. చేను కడుపు నిండుతలేదు" అంది.

ముసురు పడితే మనకు చిరాకు. బట్టలు ఆరవు, అప్పడాలు మెత్తబడతాయి, పిల్లలకు జలుబు. కానీ నేల కడుపు నింపేది ఆ ముసురే. ఇక్కడ ఏడాది మొత్తం పడే వాన ఎనిమిది వందల మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఆ ఎనిమిది వందలూ ఎలా పడ్డాయన్నదే అసలు సంగతి. అటుకులు తడిపేటప్పుడు చిలకరించి, కలిపి, మళ్లీ చిలకరిస్తాం. చెంబెడు నీళ్లు ఒక్కసారి కుమ్మరిస్తే ఏమవుతుంది? పైవి ముద్దయిపోతాయి, అడుగువి పొడిగా ఉంటాయి, మిగతా నీళ్లు గిన్నె అంచుకు చేరతాయి. నల్లరేగడి కూడా అంతే. మొదట నెర్రెల్లోంచి నీళ్లు గబగబా దిగుతాయి. కాసేపటికి మట్టి ఉబ్బి ఆ నెర్రెలు మూసుకుపోతాయి. ఆపైన గంటకు కొన్ని మిల్లీమీటర్లే ఇంకుతాయి. దంచి కొట్టిన వానలో ఎక్కువ భాగం పైపైనే జారిపోతుంది. పోతూ పోతూ మంచి మట్టిని కూడా వెంట తీసుకుపోతుంది.

అవ్వ మాటను శాస్త్రవేత్తల లెక్క కూడా బలపరుస్తోంది. కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో మన దేశపు వాతావరణ మార్పుల మీద ఒక పెద్ద నివేదిక వేసింది. 1951 నుంచి 1980 దాకా ఉన్న కాలంతో పోలిస్తే, 1981 నుంచి 2011 వరకూ వానాకాలంలో బెట్ట రోజుల విడతలు 27 శాతం ఎక్కువగా వచ్చాయట. కురిసినప్పుడేమో మరింత ఉధృతంగా కురుస్తోంది. మధ్య భారతంలో విస్తారంగా పడే అతి భారీ వానలు 1950 నుంచి 2015 లోపు మూడింతలయ్యాయని 2017లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. కారణం అర్థం కానిదేమీ కాదు. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు. ఆ గాలే మన చేలమీద తడిని గబగబా పీల్చుకుంటుంది, కుమ్మరించేటప్పుడు ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. అసలే మన మెట్ట ప్రాంతంలో ఏడాదికి ఆవిరి చేయగల ఎండ, పడే వానకు దాదాపు రెండింతలు.

2023 గుర్తుందా? ఆ జులై నెలాఖరులో తెలంగాణ అంతా వరదలు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది. బంట్వారంలో ఏడాదంతా పడే వానలో ముప్పావు వంతు, ఒక్క రోజులో! ఆ వెంటనే వచ్చిన ఆగస్టు, దేశం మొత్తానికి 1901 నుంచీ లెక్కలున్న ఆగస్టులన్నింటిలోకీ పొడి ఆగస్టు. తెలంగాణలోనూ ఆ నెల వానలు బాగా ముఖం చాటేశాయి. సీజను ముగిశాక కూడికలు చేస్తే రాష్ట్రానికి వాన లోటేమీ లేదని తేలింది. కాగితం మీద మంచి ఏడు, చేలో మాత్రం నెల రోజుల బెట్ట! నెల జీతం ఒకటో తారీఖున పడి మూడో తారీఖుకే ఖర్చయిపోతే, ఏడాది మొత్తం మీద సంపాదన బాగుందని ఎవరైనా అంటే మీకు ఒళ్లు మండదూ?

పెద్ద కరువులు వేరే. 2002 జులైలో దేశానికి రావలసిన వానలో సగమే వచ్చింది. 2014, 2015 వరసగా రెండేళ్లు తక్కువ పడి, ఆ దెబ్బ నేరుగా మన వంటింటికి తగిలింది. 2015 దసరా, దీపావళి రోజులు తలుచుకోండి. కందిపప్పు కిలో 200 రూపాయల దాకా పోయింది. సాంబారులో నీళ్లు పెరిగాయి, పప్పుచారు పేరుకే పప్పుచారయింది. పెసరపప్పుతో కానిచ్చిన ఇళ్లు ఎన్నో. ఆ మరుసటి ఏడు, 2016లో, మన ప్రభుత్వం మొజాంబిక్‌తో కందులు దిగుమతి చేసుకునే ఒప్పందం కుదుర్చుకుంది. ఎక్కడి ఆఫ్రికా, ఎక్కడి మన పోపుగిన్నె! మన చేల తడి ఆరిపోతే అంత దూరం చేయి చాచాలి మరి. వాన ఎక్కువైనా కందికి కష్టమే. 2020 అక్టోబరులో కుండపోతలు పడినప్పుడు నల్లనేలల్లో నీళ్లు నిలిచాయి. వేళ్లు ఊపిరాడక కుళ్లిపోతే పూత రాలిపోతుంది. ఒక ఏడు దాహం, ఒక ఏడు ముంపు.

అయితే నేరమంతా ఆకాశం మీదకు నెట్టేస్తే సరిపోదని నా ఉద్దేశం. నేల కూడా మారింది. వెనకట జొన్న, కంది, పెసర, బొబ్బర ఒకే చేలో సాళ్లు సాళ్లుగా కలిపి వేసేవారు. ఒకదాని ఆకు నేలమీద నీడ పట్టేది, మరోదాని ఆకు రాలి ఎరువయ్యేది. కంది చెట్టు కోతకు ముందు బోలెడు ఆకు రాలుస్తుంది. ఆ రాలిన ఆకు మట్టిలో కలిసి స్పాంజిలా పనిచేస్తుంది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక ఈ జిల్లాలో పత్తి విస్తరించింది. వాళ్లను తప్పు పట్టలేం. పత్తి అమ్మితే చేతికి డబ్బొస్తుంది, పిల్లల ఫీజులకూ పెళ్లిళ్లకూ పనికొస్తుంది. కానీ నేలకు మిగిలేది తక్కువ. ఎద్దులు పోయి ట్రాక్టర్లు వచ్చాయి. ఎద్దులతో పాటు పశువుల పెంటా పోయింది. పిడకలకు కరువొచ్చింది, చేలకూ కరువొచ్చింది. మట్టిలో జీవపదార్థం తగ్గితే, అదే వానకు అదే నేల తక్కువ నీళ్లు దాచుకుంటుంది. పాత గుడ్డకు నీళ్లు పీల్చే గుణం పోయినట్టు.

ఇది నిజమో కాదో మీ ఇంట్లోనే చూడొచ్చు. మూడు పాత కుండీలు తీసుకోండి. ఒకే మట్టి, బాగా ఎండింది, సమంగా నింపండి. మొదటిదానికి వారానికి సరిపడా నీళ్లు - ఏడు గ్లాసులు - ఒక్కసారే పోయండి. రెండోదానికి రోజుకొక గ్లాసు. మూడోదానికి కూడా రోజుకొక గ్లాసే, కానీ మట్టి మీద ఎండుటాకులో, కొబ్బరిపీచో పరవండి. ఎనిమిదో రోజు పాత చెంచాతో అడుగుదాకా తవ్వి చూడండి. మొదటి కుండీలో సగం నీళ్లు కింద పళ్లెంలోకి పోయి ఉంటాయి. మూడోదాంట్లో తడి చేతికి తగులుతుంది. పిల్లలకు సెలవుల్లో కాలక్షేపం కూడాను.

మరి కరువు వచ్చిందని ఎవరు, ఎలా నిర్ణయిస్తారు? చాలా ఏళ్లు వానలెక్కే ప్రధానం. మండలంలో మామూలు కంటే ఎంత శాతం తక్కువ పడింది, ఎంత పంట వేశారు - ఇంతే. 2016 డిసెంబరులో కేంద్రం కొత్త కరువు నిబంధనల పుస్తకం తెచ్చినప్పుడు నేలలో తేమ ఎంతుందో కూడా చూడాలని అందులో చేర్చింది. మంచి మాటే. తేమను కొలవడానికి ఉపగ్రహాలున్నాయి. అమెరికావాళ్ల స్మాప్ ఉపగ్రహం 2015 జనవరిలో ఎగిరింది. మన ఇస్రో, నాసా కలిసి చేసిన నిసార్ 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లింది. మేఘాలున్నా, చీకటైనా నేలను చూడగలదు. హైదరాబాద్ బాలానగర్‌లో ఉన్న జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంలో ఇలాంటి బొమ్మలు చదివే నిపుణులున్నారు. తెలంగాణలో వానను కొలిచే ఆటోమేటిక్ కేంద్రాలు వెయ్యికి పైగా ఉన్నాయి.

ఇంత ఉన్నా ఒక చిక్కు మిగిలే ఉంది. స్మాప్ లాంటి ఉపగ్రహం నేరుగా పసిగట్టేది నేలపై రెండంగుళాల తడిని మాత్రమే. అంటే అట్టు పైన కాలిందో లేదో తెలుస్తుంది, లోపల ఉడికిందో లేదో తెలియదు! అడుగు లోతుల్లో ఎంత ఉందన్నది లెక్కలు కట్టి అంచనా వేయాల్సిందే. కంది వేరు మాత్రం నాలుగైదు అడుగుల కింద వెతుక్కుంటోంది. ముందురోజు చిరుజల్లు పడితే పైమట్టి తడిగా కనబడుతుంది, లోపల మాత్రం పొడి. అవ్వ వాళ్లింట్లో అందుకే యాసంగి విత్తే ముందు చేలో గునపం దించి చూస్తారట. తడిమట్టి మూరెడు దాటి దిగితేనే శనగ. లేకపోతే ఆ ఏడు చేను బీడే. "విత్తనాల పైసలన్న మిగులుతయి" అంది. అంత నిబ్బరంగా అనేసింది గానీ, చేను బీడు పెట్టడం అంటే ఆ ఇంటికి ఏమిటో మనం కాస్త ఊహించుకోవచ్చు. యాసంగి జొన్న లేదంటే రొట్టెలకు పిండి కొనాలి. జొన్నచొప్ప లేదంటే బర్రెకు మేత కొనాలి, లేదా బర్రెను అమ్మాలి. కలుపు తీతలూ కోతలూ లేవంటే ఆడవాళ్లకు కూలి లేదు. మగవాళ్లు తాండూరు బండల గనులకో హైదరాబాద్‌కో వెళ్తారు. ఇంటి దగ్గర మిగిలేది ముసలివాళ్లు, పిల్లలు, నీళ్ల బిందెలు మోసే ఆడవాళ్లు. బోరు వేస్తే అప్పు ఖాయం, నీళ్లు పడడం ఖాయం కాదు.

చేయగలిగింది లేదా అంటే, ఉంది. మీకు హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు తెలుసు కదా. అక్కడ 1972లో పెట్టిన ఇక్రిశాట్ పరిశోధన సంస్థ నల్లరేగడిలో 1976 నుంచీ ఒక ప్రయోగం నడిపించింది. ఒక పక్క పాత పద్ధతి: వానాకాలం చేను ఖాళీగా వదిలి, తర్వాత నేల తడితో జొన్నో శనగో వేయడం. మరో పక్క నేలను వెడల్పు మడులుగా, మధ్య మధ్య కాలువలుగా చేసి, వానాకాలంలోనే జొన్న, కంది కలిపి వేయడం. పెద్ద వాన పడితే అదనపు నీరు కాలువలోంచి నెమ్మదిగా పోతుంది, మడి మీద మొక్క మునగదు. చిన్న వాన పడితే ఆ కాలువలే నీటిని పట్టి నేలకు తాగిస్తాయి. పాత పద్ధతిలో హెక్టారుకు ఏడాదికి సగటున 1.1 టన్నులు వచ్చిన చోట, కొత్త పద్ధతిలో దాదాపు 5 టన్నులు వచ్చాయి. మట్టిలో జీవపదార్థం కూడా పెరిగింది. ఇంత బాగుంటే ఊరూరా ఎందుకు రాలేదని అడుగుతారు. మడులు చేసే పనిముట్టు కావాలి, చేను వాలు చూసి గీతలు గీయాలి, పక్క చేనువాళ్లు ఒప్పుకుంటేనే కాలువ ముందుకు సాగుతుంది. రెండెకరాల చేనున్నవాళ్లకు ఒంటరిగా అయ్యే పని కాదు. ఇది తెలిసి కూడా ఏళ్ల తరబడి రైతుకు చైతన్యం లేదంటూ ఉపన్యాసాలివ్వడం నాకు నచ్చదు.

చెరువు మట్టి సంగతి చెప్పాలి. 2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయ కింద రాష్ట్రంలోని 46 వేల పైచిలుకు చెరువుల పూడిక తీయాలని తలపెట్టారు. ఆ నల్లటి పూడిక మట్టిని ఎర్ర చెల్కల్లో చల్లుకుంటే నీరు పట్టే గుణం పెరుగుతుంది. మన పూలకుండీలో ఇసుక ఎక్కువైతే పశువుల ఎరువు కలుపుతామే, అదే కిటుకు. బండి కిరాయి భరించగలిగినవాళ్లు తోలుకున్నారు, లేనివాళ్లు చూస్తూ ఉండిపోయారు.

బంట్వారానికి ఉత్తరాన జహీరాబాద్ ఉంది. అక్కడ పస్తాపూర్ కేంద్రంగా 1980ల నుంచి పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆడవాళ్ల సంఘాలు మరో దారి పట్టాయి. ఎక్కువమంది దళిత మహిళలు, ఎర్ర గరుసు నేలలు. పడావు పడ్డ భూములను బాగుచేసుకుని, ఒకే చేలో జొన్న, కొర్ర, సజ్జ, కంది, పెసర లాంటివి పది ఇరవై రకాలు కలిపి వేశారు. ఒక పంటకు బెట్ట తగిలినా ఇంకోటి నిలబడుతుంది. విత్తనాలు బూడిదా వేపాకూ కలిపి ఇళ్లలోనే దాచుకున్నారు. 2019లో వాళ్లకు ఐక్యరాజ్య సమితి వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. బడి ముఖం చూడని చేతులు చేసిన పని అది. ఇలా కలిపి వేస్తే పత్తిలా ఒక్కసారి డబ్బు కట్ట చేతికి రాదు, నిజమే. కానీ ఇంట్లో గింజ ఉంటుంది.

వెళ్లాలనుకునేవాళ్లు సంక్రాంతి ముందు వెనకల్లో వెళ్లండి. కంది కోసి కల్లాల్లో ఆరబెట్టి కొడుతుంటారు. ఎండిన కందికట్టె పొయ్యిలోకి మోపులు కట్టి తలమీద పెట్టుకుని వచ్చే ఆడవాళ్లు దారిపొడుగునా ఎదురవుతారు. నల్లచేలల్లో తెల్లజొన్న కంకి మీద ఉంటుంది, కుసుమ ముళ్లతో పసుపుపచ్చగా పూస్తుంటుంది. చీర కుచ్చిళ్లు పట్టుకుని నడవండి, కుసుమ ముల్లు గుచ్చుకుంటే తేలిగ్గా వదలదు. తిరిగొచ్చేటప్పుడు తాండూరు మీదుగా వచ్చి కందిపప్పు కొనుక్కోండి. పాలిష్ పట్టనిదే అడగండి, చూడ్డానికి కాస్త మసకగా ఉంటుంది. వెనకటి ఇళ్లలోనైతే కందులకు ఎర్రమట్టి పట్టించి, ఎండబెట్టి, ఇసుర్రాయిలో వేసి పప్పు చేసుకునేవారు. కడిగేటప్పుడు మొదటి నీళ్లు ఎర్రగా వచ్చేవి, ఆ పప్పుకు పురుగు తొందరగా పట్టేది కాదు.

వండే ముందు అరగంట నానబెట్టి, ఉప్పూ చింతపండూ తర్వాత వేయండి. ముందే పులుపు పడితే ఏ పప్పయినా మొండికేస్తుంది. పక్కన జొన్నరొట్టె ఉంటే ఇంక చెప్పనక్కర్లేదు. పప్పు కొన్న చోట ధర అడుగుతారు, ఎలాగూ అడుగుతాం కదా. దాంతో పాటు ఈసారి చిత్త వానలు పడ్డాయా, యాసంగికి శనగ పెట్టారా అని కూడా అడగండి. అప్పుడు గింజ తూచే మనిషి త్రాసు పక్కన పెట్టి మీకు చేను సంగతంతా చెబుతారు. కాబట్టి చివరి బస్సు ఎన్నింటికో ముందే కనుక్కుని వెళ్లండి.